హిందూపురంలో నల్లగుడ్డ, ధర్మవరంలో పట్టు

హిందూపురం బజారులో బుర్ఖా కొనాలంటే ఇప్పుడు కొంచెం చదువుకుని వెళ్లాలి. ఊరికే బుర్ఖా చూపించమంటే షాపామె నవ్వుతుంది. నిదా గుడ్డా, క్రేపా? ముందర జిప్పా, టిచ్ బటన్లా? అంబ్రెల్లా కట్టా, కోటు మోడలా? నోజ్‌పీసు ఒక పొరదా, రెండు పొరలదా? నమాజుకు ముందు వుజూ చేసేటప్పుడు చెయ్యి మోచేతి దాకా జరుపుకోడానికి ముంజేతి దగ్గర జిప్పు పెట్టించాలా? మా చెల్లెలి కూతురు తడుముకోకుండా అన్నిటికీ జవాబులు చెప్పుకుంటూ పోయింది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ కూర్చుని, కొంగు భుజమ్మీదికి లాక్కుని, గోడనిండా వేలాడుతున్న నలుపును కిందినుంచి పైదాకా చూసింది.

"శుభమా అని పెండ్లి పెట్టుకోని ఇంత నలుపేమే?"

"నేవీ బ్లూ కూడా ఉండాది అవ్వా. కాఫీ కలరు ఉండాది."

"కాఫీ తాగే దానికి, కట్టుకునే దానికా!"

షాపామె మా అమ్మ చీరకట్టునూ, నుదుటినీ, నా తలకున్న స్కార్ఫునూ, పిల్ల ముఖమ్మీది నోజ్‌పీసునూ వరసగా చూసి, ముగ్గురం ఒకే ఇంటివాళ్లమేనా అన్న అనుమానాన్ని మర్యాదగా దాచుకుంది. మాకిది అలవాటే.

పిల్ల పెళ్లి దగ్గర పడింది. ప్రయాణం పథకం అమ్మది. హిందూపురంలో బుర్ఖాలు తీసుకోవాలి. రైలెక్కి పెనుకొండలో దిగి బాబయ్యకు చాదర్ మొక్కు చెల్లించాలి. మళ్లీ రైలెక్కి ధర్మవరంలో పట్టుచీర తీయాలి. బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే రైలుమార్గం మీద ఈ మూడు ఊళ్లూ వరసగా ఉంటాయి. ఒక పెళ్లికి కావలసిన మూడు గుడ్డలూ ఇలా ఒకే పట్టాల మీద దొరికితే అమ్మ వదులుకుంటుందా?

చివరికి పిల్ల రెండు తీసుకుంది. ఒకటి రోజూ డ్యూటీకి, ఒకటి పెళ్లయ్యాక అత్తగారింట్లో వేసుకోడానికి. రెండోదాని గుడ్డను షాపామె వేళ్ల మధ్య నలిపి చూపించింది. మడత పడలేదు. "అసలైన కొరియా నిదా," అంది. అబద్ధం కాకపోవచ్చు. అరబ్బు దేశాల ఆడవాళ్లు వేసుకునే అబాయాల నల్ల పాలియెస్టర్‌లో మేలిరకాలకు దక్షిణ కొరియా, జపాన్ మిల్లులే పేరుపడ్డాయి. కొరియాలో దేగు నగరం చుట్టుపక్కల మిల్లులది ఇందులో పెద్ద చెయ్యి. ఆ గుడ్డ దుబాయ్ మీదుగానో, సూరత్ నకలుగానో మన బజార్లకు చేరుతుంది. ఇక్కడికి కాసింత దూరంలో, పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర, అదే కొరియావాళ్లు 2019 నుంచి కార్లు తయారుచేస్తున్నారు. కారు వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. గుడ్డ వచ్చినట్టు ఎవరూ రాయలేదు.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ మా అమ్మకు రాదు, నాకు బస్టాండు ఉర్దూ వచ్చు. ఎడ్గర్ థర్స్టన్ దక్షిణ భారత కులాల మీద 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో మా కులానికీ చోటుంది. అంతకు ముందు 1901 జనాభా లెక్కల నివేదికలో ఉన్నదాన్నే ఆయన ఎత్తి రాసుకున్నాడు. వీళ్లు ముసల్మాన్లే గానీ పెళ్లిలో తాళి కడతారనీ, మతం సంగతి బాగా తెలీదనీ, వలీలను మాత్రం గట్టిగా కొలుస్తారనీ, కట్టూబొట్టూ చుట్టుపక్కల హిందువులదేననీ ఆ రాతల సారాంశం. మొదటిసారి అది చదివినప్పుడు నవ్వొచ్చింది. మా జేజిని చూసే రాసినట్టుంది.

జేజికి బుర్ఖా లేదు. కట్టుకునేది కాదు అనడం కాదు, పెట్టెలో కూడా లేదు. తాత విల్లు పట్టుకుని ఊళ్లు తిరిగి దూది ఏకేవాడు, ఈమె పరుపులకూ దిండ్లకూ గలీబులు కుట్టేది. దూది పని లేని కాలంలో ఇద్దరూ శెనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్లు. అనంతపురం ఎండలో శెనక్కాయ పెరికే మనిషికి పరదా ఎట్లా కుదురుతుంది? తలకు గుడ్డ ఉండేది, కానీ అది ఎండకు చుట్టుకున్న తుండు. పరదా అంటే ఆడమనిషి బయట కష్టం చెయ్యక్కర్లేని ఇళ్ల భోగం. హిందూపురంలో బెల్లం, చింతపండు, మిరప వ్యాపారం ఉన్న ఉర్దూ ఇళ్లలో అది ముందునుంచీ ఉంది. పెళ్లిళ్లకు వాళ్లు మమ్మల్ని పిలిచేవాళ్లు కాదు, పిలిచినా పంక్తిలో చివర కూర్చోబెట్టేవాళ్లు. పరుపుల పని ఫోముతో పోయింది. మగపిల్లలు కువైట్‌కూ సౌదీకీ పోయారు. తిరిగి వచ్చేటప్పుడు సూట్‌కేసుల్లో అత్తరు, ఖర్జూరాలతో పాటు అబాయాలూ వచ్చాయి. బుర్ఖా వేసుకున్న దూదేకుల ఆడమనిషిని మా ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. కూలికి పోనక్కర్లేదని ఊరంతటికీ చాటుకోడానికి అంతకంటే తేలిక మార్గం లేదు. ఈ మాట భక్తిపరులకు నచ్చదని తెలుసు. భక్తి లేదని నేననడం లేదు, అది ఒంటరిగా రాలేదంటున్నాను.

అందుకే టీవీల్లో హిజాబ్ గురించి కొట్లాడుకునేవాళ్లను చూస్తే రెండు పక్షాలవాళ్లూ మా ఇంటి గడప తొక్కనివాళ్లే అనిపిస్తుంది. ఒకరు దాన్ని తరతరాల బానిసత్వం అంటారు. ఇంకొకరు తరతరాల సంప్రదాయం అంటారు. మా ఇంట్లో అది నాతో మొదలైంది.

ఎందుకు మొదలుపెట్టానని చాలామంది అడిగారు. ఆకాశంలోంచి ఏ గొంతూ వినిపించలేదు. బెంగళూరులో ఉద్యోగం, హాస్టల్ గది, ఒంటరితనం. ఆ గదిలో తెలుగు ఖురాన్ చదవడం మొదలుపెట్టాను. ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన పండితుడని తర్వాత తెలిసి, మా జిల్లాకూ నా చదువుకూ ఏదో చుట్టరికం ఉందని సంతోషపడ్డాను. నూర్ సూరాలో ఆడవాళ్ల తలగుడ్డ మాట వచ్చేది ముప్పై ఒకటో వాక్యంలో. దానికి ముందు వాక్యం మగవాళ్లను చూపులు దించుకోమంటుంది. మసీదు మైకుల్లో ముప్పై ఒకటి వినబడినంతగా ముప్పై వినబడదు. నాకు ఆ రెండూ పక్కపక్కనే కనబడ్డాయి, అంతే. ఒక రంజాన్‌లో స్కార్ఫు కట్టుకున్నాను. పండగ అయ్యాక తియ్యబుద్ధి కాలేదు.

మారింది ఏమిటి? నమాజు వేళకు ఆఫీసులో లేచి వెళ్లడానికి ముందు వంద సంజాయిషీలు చెప్పేదాన్ని, ఇప్పుడు అవసరం లేదు. తలమీద గుడ్డే ముందుగా చెప్పేస్తుంది. కోపం కొంత తగ్గింది. స్కార్ఫు కట్టుకుని ఆటోవాడితో అరవాలంటే సిగ్గు, జాతి మొత్తానికి చెడ్డపేరు తెస్తానేమోనని. ఇది దైవభక్తో, పరువుభయమో నాకే తేలదు. ఇల్లు మారేటప్పుడు గది ఖాళీగా ఉందని ఫోన్లో చెప్పినవాళ్లు, నన్ను చూశాక నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు. అది ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి. అంతకు ముందు నా పేరులో అమ్మ చేరి ఉండడం వల్లా, నా తెలుగు వల్లా నేనెవరో చాలామందికి తెలిసేది కాదు. తురకోళ్ల గురించి నా ముందరే ఎన్నెన్ని మాట్లాడేవాళ్లో! విని ఊరుకునేదాన్ని. స్కార్ఫు వచ్చాక నేను గదిలోకి అడుగు పెడితే మాట ఆగుతుంది. ఆ నిశ్శబ్దం గౌరవమని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు మాత్రం నా చెవులు ఏదో పోగొట్టుకున్నాయనే అనిపిస్తుంది. ఊరు మన గురించి ఏమనుకుంటుందో నేరుగా వినే అవకాశం మా జేజికి ఉండేది, మా అమ్మకు ఉంది.

అమ్మ మొదట ఒకటే అడిగింది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా మే?" ఎవరూ అనలేదని చెబితే నమ్మలేదు. తర్వాత చుట్టాలతో, బెంగళూరులో చలి ఎక్కువ, చెవులు కప్పుకుంటాంది అని చెప్పుకుంది.

మధ్యాహ్నం ప్యాసింజరు హిందూపురంలో నిండిపోయింది. ఎదురుసీట్లో తల్లీకూతుళ్లు. పిల్ల ఒళ్లో కాలేజీ బ్యాగు, తలకు లేత ఊదారంగు స్కార్ఫు. గౌరిబిదనూరులో చదువుతూ మధ్యలో ఆపి, తర్వాత హిందూపురంలో చేరిందట. మా పిల్లా ఆ పిల్లా దఖ్ఖనీలో మాటలు కలిపారు. తల్లి నాతో తెలుగులో చెప్పుకొచ్చింది. హిందూపురం నుంచి చూస్తే కర్ణాటక పక్కవీధిలాంటిది. చదువులూ, ఆస్పత్రులూ, సంబంధాలూ ఆ గట్టుకూ ఈ గట్టుకూ తిరుగుతూనే ఉంటాయి. 2022 ఫిబ్రవరిలో మాత్రం ఆ గట్టు నిజంగానే గట్టయింది. ఉడుపిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలతో మొదలైన గొడవ రాష్ట్రమంతా పాకి, ఆ నెల 5న యూనిఫాం ఉత్తర్వు వచ్చింది. మార్చి 15న కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదని ముగ్గురు న్యాయమూర్తులూ తేల్చారు. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులు పట్టారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు మాటే సరేనన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం ఇది ఆ పిల్ల ఇష్టానికి సంబంధించిన విషయమనీ, ఆమె చదువు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్ననీ అన్నారు. ఆంధ్రలో అలాంటి ఉత్తర్వు రాలేదు. గట్టు ఇవతల పిల్ల చదువుకుంది.

ఆ తల్లి కోర్టుల సంగతి ఎత్తలేదు. "ఫీజు రెండుచోట్లా కట్టినాం మేడమ్," అంది.

తప్పనిసరి ఆచారమా, కాదా అని తేల్చే పని న్యాయమూర్తులు నెత్తినేసుకోవడం నాకు మొదటినుంచీ వింతగానే ఉంది. మా జేజి వేసుకోలేదు, ముసల్మానుగానే పోయింది. నేను వేసుకుంటాను, ముసల్మానునే. ఆ సంవత్సరమే సెప్టెంబరులో తలగుడ్డ సరిగా లేదని టెహ్రాన్‌లో పోలీసులు పట్టుకున్న మహసా అమీనీ చనిపోయింది. అదే ఇరాన్‌లో 1936లో రెజా షా పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల తలగుడ్డలు లాగేశారు. కట్టుకోమన్నా, తియ్యమన్నా లాఠీ ఒకటే.

తీసినవాళ్ల కథలూ నాకు ఇష్టమే. హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా (1884–1958) పరదా దాటి సభల్లో నిలబడి మాట్లాడింది, పత్రికలు నడిపింది, 1934లో ఆడపిల్లల కోసం బడి పెట్టింది. షాజహానా 2005లో తన కవితా సంపుటికి 'నఖాబ్' అని పేరు పెట్టి తెలుగులో ఆ తెర మీద చేసిన నిలదీత మామూలుది కాదు. వాళ్ల లోకంలో పరదా ముందే వేలాడుతోంది కాబట్టి దాటడం వాళ్ల మార్పయింది. మాకు వేలాడే తెరే లేదు. అయినా వాళ్ల వాదం నామీదికి ఎవరైనా తెస్తే, షాజహానా పుస్తకం నా అలమారలోనే ఉందని చెబుతాను. చదవమని మా పిల్లకిచ్చాను. సగం చదివి, "మంచిగా రాసింది, నాకు సరిపోదు," అని వెనక్కిచ్చింది.

పెనుకొండలో దిగేసరికి కొండ మీది కోటగోడ ఎండలో తెల్లగా మండుతోంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర దర్బారు వచ్చి తలదాచుకున్న ఊరు ఇది. అంతకు ముందు రాయలవారికి వేసవి విడిది. గగన్‌మహల్ ఇప్పటికీ నిలిచి ఉంది. షేర్‌ఖాన్ మసీదూ, పార్శ్వనాథుడి జైన ఆలయమూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. చూసి వద్దామని నేనన్నాను. రాళ్లు యాడికీ పోవులే, చాదర్ మాసిపోతాది పదండి అంది అమ్మ.

బాబయ్య అంటే హజ్రత్ బాబా ఫక్రుద్దీన్. పదమూడో శతాబ్దపు సూఫీ. ఇరాన్ వైపు సీస్తాన్‌లో రాజ్యం వదిలేసి తిరుచిరాపల్లి నత్తర్‌వలీ దగ్గర శిష్యుడయ్యాడనీ, గురువు చేతికి ఒక ఎండుపుల్ల ఇచ్చి, రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ నాటు, ఎక్కడ చిగురిస్తే అదే నీ ఊరు అన్నాడనీ, ఆ పుల్ల పెనుకొండలో చిగురించిందనీ కథ. పళ్లు తోముకునే పుల్ల అని కొందరు చెబుతారు. మా జేజి చెప్పేటప్పుడు అది ఎప్పుడూ వేపపుల్లే, దారిలో ఆగిన ఊళ్ల పేర్లు మాత్రం ఆమె తిరిగిన ఊళ్లను బట్టి మారుతుండేవి. దూదేకులవాళ్లకు బాబయ్య ఇంటిదేవుడంత దగ్గర. ఇళ్లల్లో బాబయ్యలూ, బాబమ్మలూ, ఫక్రుద్దీన్లూ, ఫకీరప్పలూ లెక్కలేనంతమంది. హిందువుల ఇళ్లల్లోనూ ఆ పేర్లున్నాయి.

దర్గా వాకిట్లో గొడవ మొదలైంది. గొడవంటే అరుపులు కావు. పిల్ల చెప్పులు విడిచింది, లోపలికి మాత్రం కదల్లేదు. ఆమె శుక్రవారాలు ఆడవాళ్ల ఇజ్తెమాకు పోతుంది. అక్కడ పాఠం చెప్పే ఆలిమా, సమాధుల దగ్గర అడగడం షిర్క్, అంటే అల్లాకు సాటి కల్పించడం అనీ, చాదర్లు కప్పడం బిద్దత్, అంటే మతంలో లేని కొత్త పోకడ అనీ చెప్పింది. పిల్లకు నమాజు నేర్పింది ఆమే. నోజ్‌పీసు కట్టడం నేర్పిందీ ఆమే. ఒకటి తీసుకుని ఒకటి వదిలెయ్యమంటే పిల్లకు ఎట్లా కుదురుతుంది?

"నేను ఇక్కడే ఉంటా అవ్వా. నువ్వు పోయిరా."

అమ్మ చాదర్ పొట్లం చంకలో పెట్టుకుని నిలబడింది.

"నువ్వు పుట్టినప్పుడు పిడికెడు ఉంటివి. దాక్టరు చెయ్యి ఎత్తేసినాడు. బతికితే నీ పెండ్లికి ముందర చాదర్ కప్పుతానని బాబయ్యకు మొక్కుకున్యా. మొక్కింది నేను. బతికింది నువ్వు. ఇబ్బుడు వాకిట్లో నిలబడతానంటే నేనేం చెప్పేది ఆయనకు?"

"బతికించింది అల్లా అవ్వా."

"అల్లా కాదని నేనన్న్యానా? అల్లాకు చెప్పిందెవరు?"

పిల్ల నావైపు చూసింది. నా తలకు స్కార్ఫు ఉంది కాబట్టి నేను ఆమె పక్షమని ఆశ. అమ్మా నావైపే చూసింది, నేను ఆమె కూతుర్ని కాబట్టి. ఈ కాలంలో ముసల్మాను ఆడపిల్ల తలగుడ్డ గురించి ప్రభుత్వమూ, కోర్టూ, టీవీవాళ్లూ చేసే పంచాయతీ పెద్దదే, కాదనను. మా ఇంటికి మాత్రం అసలు పంచాయతీ ఇదిగో, ఈ వాకిలి దగ్గర. తలగుడ్డ కట్టుకోవడం నేర్పిన చదువు, మా జేజి మొక్కిన మొక్కులన్నీ తప్పంటోంది. జేజి మనవరాళ్లం మేము ఆ చదువు వల్లే మంచి ముసల్మాన్లమయ్యామని చెప్పుకుంటే, జేజి ఏమయినట్టు?

నాకు ఆ లెక్క నచ్చదు. ఆలిమా చెప్పేది నేర్చుకునేటప్పుడు నాకూ చాలా నచ్చింది. పరదా వెనక మగ మౌల్వీ గొంతు వినడం వేరు, ఎదురుగా కూర్చుని మన భాషలో చెప్పే ఆడమనిషి వేరు. అది గొప్ప మార్పు, దూదేకుల ఆడవాళ్లకు ఎవరూ అంతకు ముందు ఏదీ కూర్చోబెట్టి నేర్పలేదు. కానీ జేజికి మతం తెలీదన్న థర్స్టన్ దొర మాటనే కొత్త గొంతుతో మళ్లీ వింటున్నట్టు ఉంటుంది ఒక్కోసారి. జేజికి అరబ్బీలో రెండు సూరాలు వచ్చు, అవీ తప్పులతో. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టకుండా పంపిన రోజు లేదు. రంజాన్‌లో కూలికి పోతూ రోజా ఉండేది. చాదర్ కప్పినందుకు ఆమె లెక్క తారుమారవుతుందని నేను నమ్మలేను, ఎవరు ఏ కితాబు చూపించినా.

"గోరీల దగ్గర సలాం చెప్పడం సున్నతే గదా," అన్నాను పిల్లతో. "చనిపోయినవాళ్లకు సలాం చెప్పి రావచ్చు గదా. అడగొద్దు, వంగొద్దు."

పిల్ల ఆలోచించింది. ఫోను తీసింది. ఆలిమాకు మెసేజ్ పెట్టిందేమో, అడగలేదు. తర్వాత లోపలికి వచ్చింది.

లోపల తల కప్పని మనిషి లేడు. చిలమత్తూరు వైపునుంచి వచ్చినట్టున్న రైతు కుటుంబం ఒకటి ఉంది. కోడలు బొట్టుతో, మల్లెపూలతో, కొంగు నిండుగా తలమీద వేసుకుంది. ఆమె మొగుడు జేబురుమాలు తలకు కట్టుకున్నాడు, పిల్లాడి తలకు తువ్వాలు. తలగుడ్డ ఒక మతానిదని చెప్పేవాళ్లను ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి. ముజావర్ అమ్మ చేతిలోంచి పచ్చ చాదర్ అందుకున్నాడు. పిల్ల పేరు అడిగాడు. అమ్మ చెప్పింది, ఇంటిపేరుతో సహా, గట్టిగా, బాబయ్యకు సరిగ్గా వినబడాలని. చక్కెర చదివించారు. నెమలీకల కట్టతో అమ్మ తలమీదా నా తలమీదా తట్టారు. పిల్ల దూరంగా గోడ దగ్గర నిలబడి పెదాలు కదిపింది. సలాం చెప్పిందో, క్షమాపణ అడిగిందో, ఎవరిని అడిగిందో తెలీదు.

బయటికొచ్చాక అమ్మ చక్కెర చేతిలో పెడితే తినింది. అదే నాకు పెద్ద వార్త.

పెనుకొండ స్టేషనుకు తిరిగి వస్తుంటే హైవే మీద కంపెనీ బస్సు దాటిపోయింది. కిటికీల్లో మెడలో గుర్తింపు కార్డులు వేలాడదీసుకున్న అమ్మాయిలు, వాళ్లల్లో ఇద్దరు ముగ్గురికి స్కార్ఫులు. ఊళ్లో కొరియా అక్షరాల బోర్డులు అమ్మకు తమిళంలా కనబడ్డాయి. మా పిల్ల కూడా హిందూపురం దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలో బిల్లింగు చూస్తుంది. గేటు దగ్గర నోజ్‌పీసు తీసి బ్యాగులో పెడుతుంది, స్కార్ఫు మీద కంపెనీ టోపీ పెట్టుకుంటుంది. సాయంత్రం గేటు బయట మళ్లీ కడుతుంది. మా జేజి చేలో చుట్టుకున్న తుండును మనవరాలి కూతురు ఫ్యాక్టరీలో టోపీ కింద చుట్టుకుంటోంది, ఉద్దేశం వేరు గానీ. జీతం తన ఖాతాలోనే పడుతుంది. పెళ్లయ్యాక ఉద్యోగం మానాలని పెళ్లికొడుకువాళ్లు అంటే, బుర్ఖా వేసుకునేదే బయటికి పోడానికి, ఇంట్లో కూర్చోడానికి దేనికి అని అడిగిందట. ఆ మాట విన్నాక సంబంధం ఖాయం చేసుకున్నారంటే, పిల్లాడు మంచివాడే అయి ఉండాలి.

ధర్మవరంలో పట్టు షాపులు ఎన్ని ఉన్నాయో చూస్తే భయమేస్తుంది. మేము షాపులకు పోలేదు. అమ్మకు తెలిసిన మగ్గాల ఇంటికే పోయాం, తాత వాళ్లకు పరుపులు ఏకినవాడు. హిందూపురం మార్కెట్లో అమ్ముడయ్యే పట్టుగూళ్లు దారమై, రంగై ఈ ఇళ్లకు చేరుతాయి. గుంతమగ్గం దగ్గర మగమనిషి కూర్చుని ఉంటాడు కాబట్టి నేసేది ఆయనేనని అనుకుంటాం. వరండాలో కండెలు చుట్టేది, అచ్చులు అతికేది ఎక్కువగా ఆడవాళ్లు. అయిపోయిన పాత పోగు కొసకు కొత్త పోగు కొసను బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి, వేల పోగులు ఒక్కొక్కటే కలుపుతారు. ఆ రోజు ఆ పని చేస్తున్న ఇద్దరిలో ఒకామెకు బొట్టుంది, ఒకామెకు స్కార్ఫుంది. ఇద్దరికీ కళ్లద్దాలున్నాయి.

పట్టు విషయంలో మా మతం మగవాళ్లకే కట్టు పెట్టింది. పట్టూ బంగారమూ మగవాళ్లకు నిషిద్ధం, ఆడవాళ్లకు కాదని హదీసు. ఆ సంగతి నేత ఆయనకు బాగా తెలుసు. "మీ అల్లుడికి నేను పంచె అమ్మలేను, ఆ నష్టం కూడా చీరమీదే రాబట్టాల్లమ్మా," అన్నాడు అమ్మతో.

మెరూన్ చీర, ఆవాల రంగు అంచు, కొంగునిండా జరీ. పిల్ల నోజ్‌పీసు తీసి, అద్దం ముందు చీర భుజమ్మీద వేసుకుని చూసుకుంది. నచ్చింది. నిఖా రోజు తలకు కట్టుకోడానికి అదే రంగులో రెండు మీటర్ల పట్టు స్కార్ఫు నేసిస్తారా అని అడిగింది.

నేత ఆయన తల గోక్కున్నాడు. వార్పు ఎక్కిస్తే వరసగా చీరలు దిగాలి, మధ్యలో రెండు మీటర్లు కోస్తే లెక్క చెడుతుంది. జరీ లేని గుడ్డకు కూలి గిట్టదు, జరీ పెడితే బరువు, మెడ నొప్పి. పైగా పట్టు తలమీద నిలవదు, జారుతుంది.

"కొంగు ఏమిటికుండాదిమే?" అంది అమ్మ. "ఐదున్నర మీటర్ల చీర. లాగి తలమీద వేసుకో. నేనట్లే చేసుకున్యా, మీ ముత్తవ్వ అట్లే చేసుకున్యాది."

"కొంగు జారిపోతే జుట్టు కనబడతాది అవ్వా. అంతమంది మగోళ్లుంటారు."

"జారకుండా పట్టుకో."

"పట్టుకోని తినేదెట్ల?"

ఇందులో ఇద్దరూ సరైనవాళ్లే. నేను జోక్యం చేసుకోలేదు. నేత ఆయన భార్య లోపలినుంచి వచ్చి, మిగిలిపోయిన మెరూన్ గుడ్డ ముక్క ఒకటి తెచ్చింది, మీటరున్నర ఉంటుంది. రంగులో తేడా ఉన్న పోగు పడిందని పక్కన పెట్టినదట. పిల్ల లోపలి టోపీ మీద దాన్ని చుట్టి, చెవి దగ్గర పిన్ను గుచ్చబోయింది.

"పిన్ను వద్దమ్మా, పట్టు పోగు లాగేస్తాది," అంటూ నేత ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

పిల్ల నవ్వి, బ్యాగులోంచి చిన్న డబ్బీ తీసింది. అందులో జతలు జతలుగా గుండ్రటి మ్యాగ్నెట్లున్నాయి. ఒకటి గుడ్డపైన, ఒకటి గుడ్డకింద పెడితే రెండూ ఠక్కున పట్టుకున్నాయి. నేత ఆయన భార్య ఆ మ్యాగ్నెట్లు చేతిలోకి తీసుకుని, ఇవి చీరకుచ్చిళ్లకు కూడా పనికొస్తాయా అని అడిగింది. పనికిరావన్నాను, బరువు ఆపవని. అమ్మ ఆ లోగా మీటరున్నర ముక్కకు విడిగా డబ్బులిచ్చేది లేదనీ, అంత చీర కొన్నాక అది కొసరుగా రావలసిందేననీ నేత ఆయనతో బేరం మొదలుపెట్టింది.